డిజైన్ల ఫైళ్లను అంగీకరించే ముందు తెరిపించి చూడండి: ఒడిశా చేనేత, జౌళి, హస్తకళల శాఖ మంత్రిగారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన మంత్రిగారికి నమస్కారాలు.

బరంపురంలో తరతరాలుగా పట్టు నేస్తున్న తెలుగు దేవాంగుల మధ్య ఉంటూ, మగ్గాల డిజైన్లను కంప్యూటర్‌లోకి ఎక్కించే పని చేస్తున్నవాణ్ణి. పాత చీరల డిజైన్లను ఫొటోల నుంచి, గీతలను అంకెల్లో దాచే ఎస్‌వీజీ ఫైళ్లుగా మార్చడంలో జరుగుతున్న ఒక లోపాన్ని మీ దృష్టికి తేవాలని ఈ లేఖ రాస్తున్నాను.

2012లో భౌగోళిక గుర్తింపు పొందిన బరంపురం పట్టుకు అందమంతా అంచులోని కుంభాల్లోనే ఉంది. గుడి శిఖరంలా మెట్లు మెట్లుగా పైకి లేచే ఆ ఆకారాన్ని ఫొటో తీసి జేపెగ్‌గా దాచితే, ఆ పద్ధతి బొమ్మను ఎనిమిదేసి పిక్సెళ్ల గడులుగా విడదీసి సూక్ష్మ వివరాలను వదిలేస్తుంది కనుక, పెద్దది చేసినప్పుడు మెట్ల అంచులు మసకబారతాయి. 2001లో వెబ్ ప్రమాణాలను రూపొందించే డబ్ల్యూ3సీ సంస్థ ప్రమాణంగా వెలువడిన ఎస్‌వీజీలో ప్రతి గీత ఎక్కడ మొదలై ఎక్కడ వంగుతుందో అంకెల్లో రాసి ఉంటుంది. చీరకు కట్టే లేబుల్ మీదైనా, ప్రదర్శనలో కట్టే బ్యానర్ మీదైనా పదును తగ్గదు.

అయితే ఇటీవల ఒక కార్యాలయం నుంచి నా చేతికి వచ్చిన ఫైళ్లు పేరుకే ఎస్‌వీజీ. ఎస్‌వీజీ బొమ్మలను గీసి దిద్దే ఇంక్‌స్కేప్ సాఫ్ట్‌వేర్‌లో తెరిచి ఒక కుంభం మీద క్లిక్ చేస్తే కుంభం విడిగా పట్టుబడలేదు, బొమ్మంతా ఒకే చట్రంగా కదిలింది. టెక్స్ట్ ఎడిటర్‌లో చూస్తే పాత జేపెగ్ ఫొటోనే అక్షరాల గుట్టగా లోపల పొదిగి ఉంది. ఇలాంటి ఫైలు నేతగాడికి ఏ విధంగానూ ఉపయోగపడదు.

ఫొటోలోని ఆకారాలను సాఫ్ట్‌వేరే గుర్తించి గీసే ఆటోమేటిక్ ట్రేస్‌కు ఫొటోను ఉన్నది ఉన్నట్టు అప్పగించినా ఫలితం దక్కదు. పట్టు మెరుపు వల్ల ఒకే ఎరుపు ఎన్నో ఛాయలుగా కనిపిస్తుంది, సాఫ్ట్‌వేర్ ఒక్కో ఛాయనూ విడి ముక్కగా గీస్తుంది, ఫైలు ఫొటో కంటే బరువెక్కుతుంది. చీరను ముడత లేకుండా పరిచి, నీడ పడకుండా స్కాన్ చేసి, వాలు సరిచేసి, నేతలో నిజంగా ఉన్న రంగులకే బొమ్మను కుదించిన తర్వాత ట్రేస్ చేయాలి. మూలలను నునుపు చేసే సెట్టింగు ఎక్కువగా ఉంటే మెట్లు గుండ్రంగా అరిగిపోతాయి కాబట్టి దాన్ని బాగా తగ్గించాలి. ఒక్క కుంభాన్ని చేత్తో జాగ్రత్తగా సరిదిద్ది, మిగిలినవాటిని దాని నకళ్లుగా పేర్చడమే అన్నిటికంటే మేలైన దారి అని నా అభిప్రాయం.

మగ్గం మీద డిజైన్ నేయించే జకార్డు యంత్రం కోసం గడుల్లో గీసే గ్రాఫుల విషయంలో మాత్రం ఈ మార్పిడి వద్దు. అక్కడ ఒక్కో గడి ఒక పడుగు పోగు, ఒక పేక పోగు కలిసే చోటు కనుక, వాటిని వివరాలేవీ పోకుండా దాచే పీఎన్‌జీ ఫైళ్లుగా గడికొక పిక్సెల్ చొప్పున ఉంచడమే సరైనది. 2024లో భౌగోళిక గుర్తింపు పొందిన లాంజియా సవర గిరిజనుల చిత్రాలకు ఎస్‌వీజీ చక్కగా నప్పుతుంది గాని, చిత్రకారుల చేతి వేగానికి సన్నబడి లావయ్యే గీతలను సాఫ్ట్‌వేర్ సాపు చేయకూడదు. ఎస్‌వీజీ పక్కనే అసలు స్కాన్ కూడా ఉండి తీరాలి.

కాబట్టి ఇకపై డిజైన్ల డిజిటలీకరణ ఒప్పందాల్లో, పొదిగిన ఫొటోలున్న ఎస్‌వీజీలను అంగీకరించబోమని స్పష్టంగా రాయించవలసిందిగా కోరుతున్నాను. బిల్లు చెల్లించే ముందు కొన్ని ఫైళ్లనైనా డిజైన్ తెలిసిన నేతగాడి సమక్షంలో తెరిపించి, ఆకారాలు విడివిడిగా కదులుతున్నాయో లేదో పరీక్షింపజేయండి. ఇంక్‌స్కేప్ ఉచితంగా దొరుకుతుంది కనుక బరంపురంలోనూ పర్లాకిమిడిలోనూ మా పిల్లలకు ఒడియాతోపాటు తెలుగులో కూడా శిక్షణ ఇప్పించండి. ఇప్పటికే తీసుకున్న ఫైళ్లలో లోపమున్నవాటిని, అసలు చీరలు నేతగాళ్ల ఇళ్లలో ఇంకా చిరగకుండా ఉండగానే, మళ్లీ చేయించవలసిందిగా మనవి.

ఇట్లు,
బరంపురం చేనేత డిజైనరు