బావి దగ్గర చెట్టు కొట్టే ముందు

హోమ్‌స్టెడ్, ఫ్లోరిడా
జూలై 14

అన్నయ్యా,

మొన్న ఫోన్లో నువ్వు చెప్పింది విని "సరే, నీ ఇష్టం" అని పెట్టేశాను. ఆ రాత్రి నిద్ర పట్టలేదు. ఫోన్లో వాదిస్తే నువ్వు అచ్చం నాన్నలాగే "నీకేం తెలుసే" అంటావు, నేను అలుగుతాను, మధ్యలో అమ్మ కళ్ళొత్తుకుంటుంది. అందుకే కాయితం మీద పెడుతున్నాను. వదినకిచ్చి "ఏం రాసిందో చెప్పు" అనకు, నువ్వే కూర్చుని చదువు.

సంక్రాంతి వెళ్ళాక మన మామిడితోటలో రసాల చెట్లన్నీ, బావి దగ్గరదాంతో సహా, మొండెం దాకా కొట్టించి, చిగుళ్ళు రాగానే బంగినపల్లి అంట్లు కట్టిస్తానన్నావు. నీ లెక్క తప్పని నేననను. రసాలకి తోలు పల్చన, కోసిన రెండు మూడు రోజులకే మెత్తబడతాయి, లారీలో కింద పడ్డ కాయ పైవాటి బరువుకే చితికిపోతుంది. తోట గుత్తకి తీసుకునేవాళ్ళు ముందు బంగినపల్లి చెట్లు లెక్కపెట్టుకుని, రసాల దగ్గరికొచ్చేసరికి కొసరు మాట్లాడినట్టు మాట్లాడతారని నాకూ తెలుసు. పిల్లల ఫీజులు కట్టేది నువ్వు, నేను కాదు. కానీ ఇక్కడ మామిడి చెట్ల మధ్య పదకొండేళ్ళుగా ఉంటున్నాను. నా కళ్ళతో చూసిన సంగతులు కొన్ని చెప్తాను. విన్నాక నీ ఇష్టం.

మేముండే చోటుని రెడ్‌ల్యాండ్ అంటారు. పేరు చూసి మన నూజివీడు ఎర్రనేలే అనుకుని మురిసిపోయాను. ఎర్రమట్టి అక్కడక్కడా పైపైన ఉంటుందంతే, కిందంతా సున్నపురాయి. ఇల్లు కొన్న కొత్తలో మీ బావ గునపం తీసుకుని గొయ్యి తవ్వబోతే ఠంగుమని మోగి చేతులు తిమ్మిరెక్కాయి. చివరికి రాతిని తొలిచే మిషను పిలిపించి, ఒక్క మొక్క కోసం బావి తవ్వినంత హంగామా చేశాం.

మొక్క నాటిన రెండో ఏడాది ఆకులు పాలిపోయాయి. ఈనెలు ఆకుపచ్చగానే ఉన్నాయి, మధ్య భాగమంతా పసుపు. నీళ్ళెక్కువయ్యాయేమోనని మానేశాను, తక్కువయ్యాయేమోనని పోశాను. నర్సరీ ముసలాయన ఆకు చూసి నవ్వాడు. నేలలో ఇనుము లేక కాదట, ఈ సున్నం దాన్ని పట్టేసి వేళ్ళకి అందనివ్వదట. దానికో పొడి ఉంది. నీళ్ళలో కలిపితే పారాణిలా ఎర్రగా అవుతుంది. అది మొదట్లో పోస్తే కొత్త చిగుళ్ళు పచ్చగా వచ్చాయి. నా చేతులు మాత్రం రెండ్రోజులు పెళ్ళికూతురి చేతుల్లా ఉన్నాయి. మన ఎర్రనేల విలువ నాకు ఆ రోజు తెలిసింది. నువ్వు తేనెమంచు పురుగుని తిట్టుకుంటావు చూడు, ఇక్కడ దాని బదులు మచ్చ తెగులు ఉంది. పూత మీద మంచు, కాయ మీద వాన. మనకి రోహిణీ కార్తె ఎండల్లో పండు పండితే వీళ్ళకి ముసురులో పండుతుంది. మందు కొట్టకపోతే తోలు మీద నల్ల మరకలు కన్నీటి చారల్లా దిగుతాయి.

ఇప్పుడు అసలు విషయం. ఇక్కడ ఏ దుకాణంలోకి వెళ్ళినా కనబడే కాయ టామీ ఆట్కిన్స్. ఎర్రగా, నున్నగా, బరువుగా, దిష్టి తీయాలనిపించేలా ఉంటుంది. మొదటిసారి ఆశగా నాలుగు కొన్నాను. కోస్తే వాసన లేదు. ముక్క నోట్లో పెట్టుకుంటే తీపి పైపైన తగిలి పోయింది, పీచు మాత్రం పళ్ళలో మిగిలింది. దీని చరిత్ర తెలిశాక నాకు నవ్వాగలేదు. 1922 ప్రాంతంలో ఇక్కడికి దగ్గర్లోనే ఫోర్ట్ లాడర్‌డేల్‌లో టెంకేస్తే మొలిచిన చెట్టు అది. దాని కాయని ఇక్కడి మామిడి పెద్దల ముందు పెడితే, రుచి లేదు, పీచెక్కువ అని తిప్పికొట్టారు. అయినా కాయ గట్టిది, రంగు బావుంది, చాలా రోజులు నిలవుంటుంది. వ్యాపారులకి ఇంకేం కావాలి? చివరికి అమెరికా సంతంతా దానిదే అయింది.

ఇంకో తమాషా ఏంటంటే దాని పుట్టిల్లు మన దేశమే. 1889లో ఇండియా నుంచి ముల్గోబా అనే రకం మొక్కలు ఓడలో ఇక్కడికొచ్చాయి. 1895 చలికి అన్నీ పోయి ఒక్క చెట్టు మిగిలింది. ఆ ముల్గోబా టెంకలు ఒక రిటైరైన కెప్టెన్ 1902లో తన పెరట్లో పాతాడు. కాపు చూడకుండానే ఆయన పోతే భార్య చెట్లని పెంచింది. 1910లో కాసిన పండుకి ఆయన పేరే పెట్టారు, హేడెన్ అని. దాని బిడ్డే టామీ. ముల్గోబా మంచి పండే కానీ ఇక్కడ సరిగ్గా కాయదు, అందంగానూ ఉండదు. మనవరాలికి అందమొచ్చింది, రుచి మధ్యలో ఎక్కడో జారిపోయింది.

అన్నీ అలాంటివే అనుకోకు. కెంట్ అని ఉంది, పీచుండదు, తీపి నిండుగా ఉంటుంది. కీట్ పండినా పచ్చగానే ఉంటుంది, తెలియనివాళ్ళు పచ్చికాయనుకుని వదిలేస్తారు. ఆగస్టు, సెప్టెంబర్ దాకా కాస్తుంది. ఒక ఏడాది దాని పచ్చికాయతో ఆవకాయ పెట్టాను. ముక్క గట్టిగానే నిలిచింది కానీ పులుపు చాల్లేదు, అమ్మ రుచి చూస్తే జాడీతో సహా విసిరేసేది. థాయ్‌లాండ్ వాళ్ళది నామ్ డాక్ మాయి, సన్నగా పొడుగ్గా, పంచదార పాకం తాగినట్టు ఉంటుంది. మన పునాస లాగా ఏడాదిలో ఒకటికి రెండుసార్లు పూస్తుంది. నాకు మాత్రం రెండో పండుకే వెగటొచ్చింది. పులుపు తగలని తీపి నాకెందుకో సగం మాటలా అనిపిస్తుంది. మెక్సికో నుంచి వచ్చే అటాల్ఫో మన తెలుగువాళ్ళు ఏప్రిల్ నుంచి పెట్టెలు పెట్టెలుగా కొంటారు. పసుపు రంగు, పల్చటి టెంక. తోలు ముడతలు పడేదాకా ఆగితే కొంచెం మన పండు గుర్తొస్తుంది. బంగినపల్లి కూడా వస్తుందనుకో. 2007 దాకా మన పండ్లకి ఇక్కడ ప్రవేశమే లేదు, ఇప్పుడు పురుగు భయానికి రేడియేషన్ పెట్టి విమానంలో పంపిస్తారు. ధర చెప్తే నువ్వు నన్ను తిడతావు. చెప్పను.

క్యారీ గురించి మాత్రం ఆగి చెప్పాలి. చిన్న కాయ, పీచు లేదు, వాసన గది నిండుతుంది. కానీ మెత్తన. చెట్టు నుంచి వంటింటికి తెచ్చేలోపే వేలు దిగుతుంది. ఏ కొట్లోనూ అమ్మరు, అమ్మలేరు. అయినా పెరడున్న వాళ్ళు వెతుక్కుంటూ నర్సరీకి వచ్చి ఆ మొక్కే అడుగుతారు. మా వీధిలోనే మూడు చెట్లున్నాయి. బజారుకి పనికిరాదని దాన్ని ఎవరూ కొట్టెయ్యలేదు.

మా పక్కింటావిడది క్యూబా. మామిడి కాలం వచ్చిందంటే ఆవిడ మా కంచె మీద వాలి, తమ ఎల్ కానే ఊళ్ళో కాసే బిస్కోచువేలో అనే మామిడి ముందు ఇవన్నీ దండగ అంటుంది. నేను మన రసం ముందు అంటాను. ఆవిడ ఇంగ్లీషు ఆవిడది, నా ఇంగ్లీషు నాది. నేను చెప్పిన పండు ఆవిడ తినలేదు, ఆవిడ చెప్పింది నేను తినలేదు. 1992 ఆగస్టులో ఆండ్రూ తుఫాను ఈ ఊరిని నేలమట్టం చేసినప్పుడు వాళ్ళ పెరట్లో పెద్ద చెట్టు వేళ్ళతో సహా పడిపోయిందట. ఇంటి పైకప్పు కంటే ముందు ఆ చెట్టుని లేపి, కొమ్మలు నరికి, తాళ్ళతో కట్టి నిలబెట్టాడట వాళ్ళాయన. ఇంకా కాస్తోంది.

ఇక మా పెరటి చెట్టు. ఒక్కదానికే చోటుంది. నేను ఏం నాటానో ఇన్నాళ్ళూ నీకు చెప్పలేదు, నవ్వుతావని. మల్లిక. ఢిల్లీలో పూసా వ్యవసాయ పరిశోధనా సంస్థవాళ్ళు నీలం, దశేరీ కలిపి పుట్టించిన రకం. అవును, నీలమే. నాన్న దేకేవాడు కాదు గుర్తుందా? "వానలు పడ్డాక వచ్చే కాయ, కోస్తే టెంకలో పురుగు" అనేవాడు. కానీ బంగినపల్లి ఒక ఏడు విరగకాసి మరుసటేడు మొహం చాటేస్తుంటే, నీలం ఏటా నమ్మకంగా కాసేది. ఆ గుణం కోసమే శాస్త్రజ్ఞులు దాన్ని పట్టుకున్నారు. మల్లికే కాదు, ఆమ్రపాలి, మన సంగారెడ్డిలో చేసిన మంజీర, అన్నిట్లోనూ నీలం రక్తమే.

మల్లికతో మొదటి రెండేళ్ళు మోసపోయాను. ఇక్కడి పద్ధతిలో చెట్టుమీదే పండనిచ్చి కోస్తే చప్పగా ఉండేది. తర్వాత తెలిసింది, దాన్ని పచ్చిగా కోసి మగ్గేయాలట! అది నాకెవరు నేర్పాలి చెప్పు? తొడిమ పక్కన భుజాలు నిండాయో లేదో చూసి, అనుమానమున్న కాయని నాన్నలా బకెట్ నీళ్ళలో వేశాను. మునిగింది ముదురు, తేలింది లేత. ఎండుగడ్డి దొరక్క బియ్యం సంచీల్లో, కాయితాల మధ్య పెట్టి గెస్టు రూములో మంచం కింద దాచాను. పన్నెండో రోజు తలుపు తీస్తే మన సావిడి వాసన. రంగు గుమ్మడిపండులా, గుజ్జు గట్టిగా, తీపి వెనకాల సన్నటి పులుపు. మీ బావ నాలుగు తిని మాట్లాడకుండా ఐదోది తీసుకున్నాడు.

అయినా అది మన బావి దగ్గరి చెట్టు రసం కాదన్నయ్యా. ముచ్చిక కొరికి సొన ఉమ్మేసి, కాయని రెండు చేతులా పిసికి నోట్లో పెట్టుకుంటే, తీపి దిగిపోయాక నాలిక చివర శొంఠిలా ఒక ఘాటు మిగిలేది చూడు, అది ఇంకెక్కడా తగల్లేదు. ఒకసారి ఫెయిర్‌చైల్డ్ తోటలో మామిడి పండగకి వెళ్ళి బల్లల మీద పరిచిన రకాలన్నీ వాసన చూస్తూ తిరిగాను. లేదు.

నా భయమంతా ఆ ఒక్క చెట్టు గురించే. మిగతా చిన్నరసాలు, పెద్దరసాలు నువ్వు కొట్టినా కడియంలోనో నూజివీడులోనో అంట్లు దొరుకుతాయి. బావి దగ్గరది తాతయ్య తిని పారేసిన టెంక మొలిచింది. దానికి రకం పేరే లేదు, ఇంకో చెట్టు లేదు. "టెంక పాతుకుంటే పోయె" అన్నావు ఫోన్లో. అదే కుదరదు. ఇక్కడ అంట్లకి వేరుమొక్కగా వాడే టర్పెంటైన్ అనే నాటురకం ఉంది. ఒక్క టెంకలోంచి నాలుగైదు మొలకలు లేస్తాయి, దాదాపు అన్నీ తల్లికి నకళ్ళే. మన వైపు రకాలు అలా కాదు. టెంకకి ఒకటే మొలక, దాని తండ్రి ఏ చెట్టు పుప్పొడో ఎవరికీ తెలియదు. వంద టెంకలు పాతితే వంద రకాలొస్తాయి, తాతయ్య చెట్టు రాదు. అంటు కట్టుకోవాల్సిందే.

కాబట్టి నేనడిగేది ఇది. తోటంతా బంగినపల్లి చేస్తే కాపు లేని ఏడు ఏం చేస్తావో, ఉన్న ఏడు అందరి కాయా ఒకే వారం మార్కెట్టుకొస్తే ఏం చేస్తావో ఆలోచించుకో. ఓ పది రసాలు ఉంచితే నాకు సంతోషం, ఉంచకపోయినా అలగను. బావి చెట్టు మాత్రం కొట్టే ముందు, ఈ వానల్లోనే అంట్లు కట్టించు. బావి వైపు వంగిన కొమ్మ ఏటా కాస్తుంది, దాని నుంచే పుల్లలు తియ్యి. పెన్సిలంత లావు, కొసన మొగ్గ ఉబ్బి ఉండాలి. కోయడానికి వారం పదిరోజుల ముందే ఆకులు తుంపేసి కాడలు ఉంచండి. నాలుగు కడితే చాలనుకోకు, సగం పోతాయి, పన్నెండు కట్టించు. ఒకటి అమ్మ ఇంటి ముందు, ఒకటి పిన్ని వాళ్ళ దొడ్లో. నాకు పంపాలని చూడకు, ఇక్కడ ఎయిర్‌పోర్టులో తీసి పారేస్తారు.

చెట్టు నువ్వెక్కకు, నీ మోకాలు సంగతి వదిన చెప్పింది. కుర్రాళ్ళెవరినైనా ఎక్కించు. అంట్లు కట్టే రోజు వీడియో కాల్ చెయ్యి, ఇక్కడ అర్ధరాత్రయినా లేస్తాను. అమ్మకి బీపీ మాత్రలు అయిపోకముందే తెప్పించు.

నీ చెల్లి

మళ్ళీ రాస్తున్నా: ఇంతా చెప్పాను గానీ, నిరుడు పచ్చగడ్డికి వేసే ఎరువు మల్లిక మొదట్లో కూడా పడేలా చల్లేశాను. ఈ ఏడు చెట్టు నిండా ఆకు, కాయలు పద్నాలుగు. "నీకేం తెలుసే" అనాలనిపిస్తే ఇక్కడ అనుకో.