కోడ్ అందరిదీ, పేరు మాత్రం కంపెనీదా?

సంపాదకుడు గారికి,

ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్, అంటే ఎవరైనా కోడ్ చూసి, మార్చుకుని వాడుకోగల సాఫ్ట్‌వేర్, వాడితే కంపెనీల పెత్తనం ఉండదని, ప్రభుత్వానికి బోలెడు డబ్బు మిగులుతుందని పేపర్లలో తరచూ చదువుతుంటాం. లైసెన్స్ ఫీజు వరకూ అది నిజమే. పెత్తనం సంగతే అంత తేలిక కాదు, దాని గురించి తెలుగులో ఎవరూ పెద్దగా రాయట్లేదు కాబట్టి ఈ ఉత్తరం.

2025 ఏప్రిల్‌లో నాట్స్ అనే సాఫ్ట్‌వేర్ మీద జరిగిన గొడవ చూడండి. ఒక ప్రోగ్రామ్ నుంచి ఇంకో ప్రోగ్రామ్‌కి మెసేజ్‌లు చేరవేసే సాఫ్ట్‌వేర్ అది, బయటివాళ్లకి పేరు కూడా తెలియదు. 2018లోనే దాన్ని సీఎన్‌సీఎఫ్ అనే ఫౌండేషన్‌కి అప్పగించారు, ఇలాంటి ప్రాజెక్టుల్ని చూసుకునే లినక్స్ ఫౌండేషన్‌లో ఒక విభాగం అది. ఏడేళ్లు గడిచాక, దాని వెనకున్న సినాడియా కంపెనీ లాయర్లతో నోటీసు పంపించి, వెబ్‌సైట్ డొమైనూ (అడ్రసు) గిట్‌హబ్ అనే కోడ్ దాచుకునే సైట్‌లో ఉన్న కోడూ రెండు వారాల్లో మాకు తిరిగి ఇచ్చేయండి అని అడిగింది. ఆ ధైర్యం ఎక్కడిదంటే, ట్రేడ్‌మార్క్ రిజిస్ట్రేషన్ ఫౌండేషన్ పేరు మీదకి అసలు మారనే లేదు. బడికి స్థలం ఇచ్చానని ఊరంతా సన్మానం చేయించుకుని, బడి బాగా నడిచాక, పట్టా ఇంకా నా పేరు మీదే ఉంది ఖాళీ చేయండి అన్నట్టుంది వ్యవహారం. విషయం బయటపడి రచ్చయ్యాక మే 1 నాటికి రాజీ కుదిరింది. ట్రేడ్‌మార్క్‌లు లినక్స్ ఫౌండేషన్‌కి ఇచ్చేస్తామని, సొంత వెర్షన్ పెట్టుకుంటే వేరే పేరుతో పెట్టుకుంటామని కంపెనీ ఒప్పుకుంది.

ఇది కొత్త జబ్బేమీ కాదు. అమీర్‌పేటలో డెవాప్స్ కోచింగ్ తీసుకున్న ఏ కుర్రాణ్ణి అడిగినా జెంకిన్స్ (రాసిన కోడ్‌ని తనంతట తనే పరీక్షించి సిద్ధం చేసే సాఫ్ట్‌వేర్) వచ్చంటాడు, దాని పేరు ఒకప్పుడు హడ్సన్ అనే సంగతి మాత్రం చాలామందికి తెలియదు. సన్ కంపెనీలో పనిచేస్తుండగా కొసుకె కవగుచి మొదలుపెట్టిన ప్రాజెక్టు అది. 2010లో సన్‌ని ఆరకిల్ కొనేసింది. ఆ ఏడాది చివర్లో కోడ్‌ని గిట్‌హబ్‌కి మార్చుకుందామని డెవలపర్లు అనుకునేసరికి ఆ పేరు మాదే అని ఆరకిల్ అడ్డుపడింది, డిసెంబర్‌లో ట్రేడ్‌మార్క్‌కి అప్లై కూడా చేసింది. 2011 జనవరిలో ఓటింగ్ పెట్టుకుని జెంకిన్స్ అని పేరు మార్చుకుని వెళ్లిపోయారు. హడ్సన్ పేరు కంపెనీకి మిగిలింది, పని చేసేవాళ్లు మిగల్లేదు. చివరికి దాన్ని ఎక్లిప్స్ ఫౌండేషన్‌కి ఇచ్చేశారు, అక్కడ కొన్నాళ్లకి మూతపడింది.

ఉత్తరాలు, లెక్కల పట్టికలు చేసుకునే ఓపెన్‌ఆఫీస్‌దీ ఇదే కథ, అది కూడా సన్‌తో పాటే ఆరకిల్ చేతికొచ్చింది, కాకపోతే దాని నష్టం మామూలు జనం ఇప్పటికీ మోస్తున్నారు. 2010 సెప్టెంబర్‌లో వాలంటీర్లు సొంత ఫౌండేషన్ పెట్టుకుని పేరు ఇమ్మని ఆరకిల్‌ని అడిగితే ఇవ్వలేదు, దాంతో లిబ్రేఆఫీస్ పుట్టింది. మరుసటి ఏడాది కంపెనీకే ఆసక్తి పోయి 2011లో ఓపెన్‌ఆఫీస్‌ని అపాచీ ఫౌండేషన్‌కి అప్పజెప్పింది. దాంట్లో చెప్పుకోదగ్గ పెద్ద వెర్షన్ వచ్చి పదేళ్లు దాటింది, అయినా పాత పేరు గుర్తున్నవాళ్లు వెతికి మరీ దాన్నే డౌన్‌లోడ్ చేసుకుంటారు. పక్కనే తెలుగు మెనూలతో సహా లిబ్రేఆఫీస్ ఉచితంగా ఉందని వాళ్లకి చెప్పేదెవరు?

కంపెనీలన్నీ దొంగలని నేననట్లేదు. జీతాలిచ్చి ఇంజినీర్లని పెట్టేది వాళ్లే, ఆ జీతాలు లేకపోతే వీటిలో సగం ప్రాజెక్టులు ఎప్పుడో అటకెక్కేవి. పైగా పెద్ద క్లౌడ్ కంపెనీలు ఇదే కోడ్‌ని సర్వీసుగా అమ్ముకుంటుంటే రాసినవాళ్లకి మండదా? ఆ మంటతోనే 2024 మార్చిలో రెడిస్ అనే డేటాబేస్ కంపెనీ ఓపెన్ సోర్స్ లైసెన్స్ వదిలేసింది. కొద్దిరోజుల్లోనే పాత కోడ్‌తో వాల్కీ అని వేరుకుంపటి లేచింది, దానికి అండగా నిలిచినవాళ్లలో అమెజాన్, గూగుల్‌తో పాటు ఆరకిల్ కూడా ఉండటం చూసి నవ్వుకున్నవాళ్లున్నారు. 2025లో రెడిస్ మళ్లీ ఓపెన్ సోర్స్ లైసెన్స్ ఇస్తానంటూ వెనక్కొచ్చింది.

మరి దీంతో మనకేంటి అంటారా. ఓపెన్ సోర్స్‌కి ప్రాధాన్యం ఇవ్వాలని కేంద్రం 2015లోనే విధానం తెచ్చింది. మంచిదే. కానీ లైసెన్స్ ఒక్కటీ చూసి టిక్కు పెట్టేస్తే సరిపోదు. ట్రేడ్‌మార్క్, డొమైన్ ఎవరి పేరు మీద రిజిస్టర్ అయి ఉన్నాయి? కోడ్ రాసి పంపేవాళ్ల దగ్గర హక్కులన్నీ కంపెనీ ముందే సంతకం పెట్టించుకుంటోందా? అలా పెట్టించుకుంటే రేపు ఎవరినీ అడక్కుండా లైసెన్స్ మార్చేయొచ్చు, 2023 ఆగస్టులో క్లౌడ్ సర్వర్లని సెటప్ చేసే టెర్రాఫామ్ లైసెన్స్ మారినప్పుడు దాని మీదే కట్టుకున్న టీములు ఎంత టెన్షన్ పడ్డాయో ఈ రంగంలో ఉన్నవాళ్లకి తెలుసు. పాత వెర్షన్ మన దగ్గరే ఉంటుంది కదా అంటారు కొందరు, ఉంటుంది, కానీ రేపు దాంట్లో సెక్యూరిటీ లోపం బయటపడితే సరిచేసేదెవరు, కలెక్టరేట్‌లో కంప్యూటర్ ఆపరేటరా?

మన రెండు రాష్ట్రాల ఐటీ శాఖలు టెండర్ కాగితాల్లో ఈ రెండు ప్రశ్నలు చేర్చాలి. ఫౌండేషన్ పేరు మీద ఉన్న ప్రాజెక్టుకి ముందు అవకాశం ఇవ్వాలి, ఒకే కంపెనీ చేతిలో ఉన్నదాన్ని తీసుకోక తప్పకపోతే, ఆ కంపెనీ రేపు మాట మారిస్తే ఎటు వెళ్లాలో ముందే ఫైల్లో రాసిపెట్టుకోవాలి. దీనికి కొత్త చట్టమేమీ అక్కర్లేదు, ఒక సర్క్యులర్ చాలు.

ఇట్లు,
ఒక సాఫ్ట్‌వేర్ ఉద్యోగి,
కూకట్‌పల్లి, హైదరాబాద్