ట్యుటోరియల్ అంశాలు: ఆదివారం లోపు మీ మాట చెప్పండి

అందరికీ నమస్తే. ట్యుటోరియల్స్ కోసం వచ్చిన సూచనలన్నీ నిన్న రాత్రి కూర్చుని చదివాను, సగానికి పైగా మెషిన్ లెర్నింగ్ మీదే ఉన్నాయి. అవి వద్దనను, కానీ నాలుగు గంటల సెషన్‌కి వచ్చేవాళ్లకి ముందు నమ్‌పై (పైథాన్‌లో సంఖ్యల లెక్కలకి వాడే లైబ్రరీ) పునాది గట్టిగా పడాలని నా అభిప్రాయం.

పోయినసారి నా పక్కన కూర్చున్న ఒకమ్మాయి లక్ష విలువలున్న అర్రేలోంచి (అంటే సంఖ్యల వరుసలోంచి) అంతే పొడవున్న నిలువు వరుసని తీసివేసింది, బ్రాడ్‌కాస్టింగ్ (ఆకారాలు వేరైన అర్రేలని నమ్‌పై తనంతట తానే సాగదీసి కలపడం) వల్ల అది లక్ష బై లక్ష మాట్రిక్స్ అయిపోయి, 80 జీబీ మెమరీ అడిగి ప్రోగ్రామ్ ఆగిపోయింది. ఒక రకంగా ఆగడమే నయం. అదే వెయ్యి విలువలైతే 8 ఎంబీతో సరిపోతుంది, ఎర్రర్ ఏమీ రాదు, తప్పు జవాబు పట్టుకుని మనం ముందుకెళ్లిపోతాం. 0.1 + 0.2 చేస్తే 0.30000000000000004 ఎందుకు వస్తుందో కూడా అందులోనే చెప్పొచ్చు.

రెండోది ఎక్స్‌అర్రే (అక్షాలకి పేర్లు పెట్టి డేటాని చూసే లైబ్రరీ), డాస్క్ (పెద్ద లెక్కని ముక్కలు చేసి నడిపే లైబ్రరీ) కలిపి పెడదాం, వాతావరణ డేటాలాగా మెమరీలో పట్టనివాటితో కుస్తీ పట్టేవాళ్లు మనలో చాలామందే ఉన్నారు. నంబా (పైథాన్ లెక్కలని వేగంగా నడిపే కంపైలర్) మాత్రం విడిగా వద్దు, చివర్లో అరగంట చాలు.

ఇంకో మాట, పాత నోట్‌బుక్‌లు (కోడ్, వివరణ కలిసి ఉండే ఫైళ్లు) అలాగే వాడేద్దామనుకునేవాళ్లు దయచేసి ఒకసారి మళ్లీ నడిపి చూడండి, 2024 జూన్‌లో వచ్చిన నమ్‌పై 2.0లో కొన్ని పాత పేర్లు తీసేశారు, క్లాసు మధ్యలో ఆగితే అందరికీ టెన్షన్.

మూడో అంశం ఇంకా ఖాళీగానే ఉంది. నాకైతే కోడ్ టెస్టింగ్ పెట్టాలని ఉంది, మీరేమంటారు?