కోపం వచ్చిన రోజున రక్తంలో చక్కెర

బోస్టన్

పూజ్యులైన నాన్నగారికి,

మీ పెద్దమ్మాయి నమస్కరించి వ్రాయునది. ఇక్కడ మేమందరం క్షేమం.

తమ్ముడు చెప్పిన సంగతి విన్నప్పటి నుంచి మీకు వివరంగా రాయాలని ఉంది. ఫోనులోనైతే మాట సగంలోనే దారి మళ్ళుతుంది. గట్టు విషయంలో పక్క పొలం వారితో మాటామాటా పెరిగిన రోజు సాయంత్రం మీ షుగరు 210 చూపించిందనీ, మీరు చాటుగా మిఠాయి తిన్నారని అమ్మ అలిగిందనీ, తినలేదని ఎంత చెప్పినా నమ్మలేదనీ వాడు చెప్పాడు. నాన్నగారూ, మీ మాట నేను నమ్ముతున్నాను. ఈ ఉత్తరం అమ్మకు కూడా చదివి వినిపించండి.

భయం గాని, కోపం గాని కలిగిన క్షణంలోనే మెదడు నుంచి నరాల మీదుగా కబురు వెళ్ళి, మూత్రపిండాల పైన టోపీల్లా ఉండే అడ్రినల్ గ్రంథులు అడ్రినలిన్ అనే హార్మోనును రక్తంలోకి వదులుతాయి. గుండె వేగంగా, బలంగా కొట్టుకుంటుంది. కడుపుకు, పేగులకు వెళ్ళే రక్తం తగ్గి కాళ్ళూ చేతుల కండరాలకు మళ్ళుతుంది. ఊపిరి గొట్టాలు విప్పారుతాయి. అరచేతులు చెమర్చి, రోమాలు నిక్కబొడుచుకుంటాయి. తలపడాలన్నా, పారిపోవాలన్నా కండరాలకు శక్తి కావాలి కనుక, కాలేయం తనలో నిలవ ఉన్న చక్కెరను అప్పుడే రక్తంలోకి వదిలేస్తుంది. మామూలు మనిషిలో ఇన్సులిన్ దాన్ని త్వరగానే సర్దేస్తుంది. మీవంటి మధుమేహం ఉన్నవారిలో ఆ సర్దుబాటు కుదరదు. పైగా అడ్రినలిన్ ఇన్సులిన్ విడుదలను అణిచివేస్తుంది, దాని వెనుక వచ్చే కార్టిసాల్ అనే మరో హార్మోను చక్కెరను మరికొంతసేపు దిగనివ్వదు. నోట్లో ఏమీ వేసుకోకుండానే అంకె పెరగడానికి కారణం ఇదే.

ఈ విషయాన్ని ప్రయోగాలతో తేల్చిన వాల్టర్ కానన్ ఈ ఊళ్ళోనే, హార్వర్డ్ వైద్య కళాశాలలో పనిచేశారు. 1911లో ఆయన, ప్రశాంతంగా ఉన్న పిల్లి నుంచి కొంత రక్తం, కుక్క మొరుగుతుంటే బెదిరిన అదే పిల్లి నుంచి మరికొంత రక్తం తీసి, పేగు కండరపు ముక్కను వాటిలో ఉంచి చూశారు. మొదటి రక్తంలో ఆ ముక్క యథాప్రకారం ముడుచుకుంటూ, సాగుతూ ఉండగా, రెండవ దానిలో సడలిపోయింది. అడ్రినలిన్ తగిలితే పేగు కండరం చేసేది సరిగ్గా అదే. నాకు అంతకంటే ముఖ్యంగా తోచేది 1913 నాటి ఫుట్‌బాల్ పోటీ సంగతి. ఉత్కంఠభరితమైన చివరి పోటీ తరువాత హార్వర్డ్ జట్టులోని 25 మంది మూత్రాన్ని పరీక్షిస్తే 12 మందిలో చక్కెర కనిపించింది. ఆ పన్నెండుగురిలో ఐదుగురు మైదానంలోకే దిగలేదు, పక్కన కూర్చుని చూశారు. ఒళ్ళు కదలకపోయినా, మనసులోని ఉద్వేగమే చక్కెరను బయటికి తెచ్చింది.

మన దేశపు పాత సంగతి ఒకటి కూడా కానన్ తన పుస్తకంలో ప్రస్తావించారు. దొంగతనం చేశారని అనుమానం వచ్చినవారి చేత బియ్యం నమిలించి, రావి ఆకు మీద ఉమ్మించేవారు. పొడిగా ఉమ్మినవాడే దోషి. భయంలో లాలాజలం తగ్గి నోరు ఎండుతుందన్నది నిజమే. అయితే నిందపడిన నిర్దోషి భయపడడా? ఎంతమంది అమాయకులు ఆ ఆకు ముందు దొంగలయ్యారోనని తలచుకుంటే నాకు బాధ కలుగుతుంది. అమ్మ మీ అంకెను చూసి తీర్పు చెప్పడం కూడా అటువంటిదేనని ఆమెతో నెమ్మదిగా చెప్పండి. ఆమె కోపం మీ మీద బెంగతోనే.

నన్ను నిజంగా కలవరపెడుతున్నది చక్కెర కాదు, మీ గుండె. కోపంలో రక్తపోటు పెరగడమే కాక, రక్తం త్వరగా గడ్డకట్టే స్థితికి వస్తుంది. గుండెపోటు వచ్చి కోలుకుంటున్న 1,623 మందిని ప్రశ్నించి 1995లో ప్రచురించిన పరిశోధనలో, తీవ్రమైన కోపం తరువాతి రెండు గంటలలో గుండెపోటు ప్రమాదం మామూలు కంటే రెట్టింపుకు మించి ఉన్నట్లు తేలింది. ఒక్కసారి కోపగించుకున్నంత మాత్రాన ప్రమాదం ముంచుకురాదు గాని, స్టెంటు ఉన్న మీరు వారానికోసారి గట్టు మీద నిలబడి అరవడం నాకు భయంగానే ఉంది.

అందుచేత ఆ తగాదా మాటలు కొన్నాళ్ళు తమ్ముడికి అప్పగించండి. కోపం వచ్చిన రోజు వెంటనే బీపీ చూసుకోకుండా, అరగంట కూర్చుని చూసుకోండి. ఆ సాయంత్రపు షుగరును బట్టి మీ అంతట మీరు మాత్ర పెంచవద్దు. మరునాడు పరగడుపున చూసి, రెండు అంకెలూ, జరిగిన గొడవతో సహా, పుస్తకంలో రాసి డాక్టరుగారికి చూపించండి. ఛాతీ బిగబట్టినట్లు ఉన్నా, నొప్పి ఎడమ చేతికో దవడకో పాకినా, గ్యాస్ అనుకుని సోడా తాగి పడుకోకుండా 108కి ఫోను చేయించండి.

అమ్మకు నమస్కారాలు.

ఇట్లు,
మీ పెద్దమ్మాయి