భువనగిరి కొండ, వీపు మీద నీళ్ళు

తల్లిదండ్రులకు నమస్కారం.

తొమ్మిదో తరగతి పిల్లల భువనగిరి ట్రెక్కింగ్ సర్క్యులర్ ఇళ్ళకు పంపినప్పటి నుంచి ఆఫీసు ఫోనుకు తీరిక లేదు. బస్సు గురించి అడుగుతారనుకున్నాం, డబ్బుల గురించి అడుగుతారనుకున్నాం. అందరూ అడుగుతున్నది మాత్రం వీపుకు తగిలించుకుని పైపుతో తాగే నీళ్ళ బ్యాగు గురించి. అది తప్పనిసరా మేడం, ఎక్కడ దొరుకుతుంది, రెండు లీటర్లదా మూడు లీటర్లదా అని. పిల్లలు ఇళ్ళల్లో ఏం చెప్పారో గానీ, అది లేకపోతే కొండ ఎక్కనివ్వరేమోనని కొందరు టెన్షన్ పడుతున్నారు.

ముందు ఆ సంగతి తేల్చేస్తాను. తప్పనిసరి కాదు. మామూలు స్కూలు బ్యాగులో లీటరు బాటిళ్ళు రెండు పెట్టి పంపినా చాలు. చేతిలో పట్టుకునే బాటిల్ మాత్రం వద్దు. భువనగిరి కోట ఉన్నది ఒకే ఏకశిల మీద. ఐదు వందల అడుగుల పైచిలుకు ఎత్తు ఉంటుంది. మెట్లున్నా, కొన్నిచోట్ల నున్నటి బండ మీద చెయ్యి ఆనించి నడవాలి. రెండు చేతులూ ఖాళీగా ఉండాలి.

పైపు బ్యాగు మీద పిల్లలకు మోజు ఉండటంలో తప్పేం లేదు. నిజానికి అదొక మంచి వస్తువు. అమెరికాలో టెక్సస్ రాష్ట్రంలోని విచిటా ఫాల్స్‌లో ఏటా ఆగస్టు ఎండల్లో వంద మైళ్ళ సైకిల్ రైడ్ జరుగుతుంది. 1980ల చివర్లో అందులో పాల్గొన్న మైకేల్ ఈడ్సన్ అంబులెన్స్ వైద్య సిబ్బందిలో పనిచేసేవాడు. దారిలో నీళ్ళకు ఇబ్బంది అవుతుందని ఒక సెలైన్ సంచిలో నీళ్ళు నింపి, దాన్ని మేజోడులో దూర్చి, చొక్కా వెనక తగిలించుకున్నాడు. పైపు భుజం మీదుగా ముందుకు తెచ్చి, నీళ్ళు కారకుండా బట్టల క్లిప్పు పెట్టాడు. ఇప్పుడు మన పిల్లలు ఆన్‌లైన్‌లో చూపించి కొనమంటున్న బ్యాగులన్నిటి వెనకా ఆ ఆలోచనే ఉంది. దాహమైనప్పుడల్లా ఆగి, బ్యాగు దింపి, జిప్పు తీసి, మూత తిప్పాలంటే పద్నాలుగేళ్ళ పిల్లలు బద్ధకిస్తారు. పైపు నోటి దగ్గరే ఉంటే నడుస్తూనే గుక్కెడు తాగుతారు.

ఒక చిక్కు కూడా ఉంది, దాన్ని ఎవరూ చెప్పరు. బాటిల్లో నీళ్ళు ఎంత ఉన్నాయో కంటికి కనిపిస్తుంది. వీపు మీది సంచిలో ఎంత మిగిలిందో తాగేవాళ్ళకూ తెలియదు, పక్కనున్న టీచర్‌కూ తెలియదు. పైపులో గాలి వచ్చినప్పుడు తెలుస్తుంది, అప్పటికి సగం కొండ మీద ఉంటారు. అందుకే బ్యాగు ఏ కంపెనీదన్న దాని కన్నా, దాన్ని ఎవరు నింపుతున్నారన్నది నాకు ముఖ్యం. దయచేసి మీరు నింపి ఇవ్వకండి. నింపడం, మూత బిగించడం, ఇంటికొచ్చాక కడగడం అన్నీ పిల్లలే చెయ్యాలి. వాళ్ళ చేత్తో నింపుకున్న నీళ్ళైతే ఎంత ఉన్నాయో, ఎంత తాగారో వాళ్ళకు ఒక అంచనా ఉంటుంది.

కొనాలనుకుంటే రెండు లీటర్లది చాలు. ఎండలో నడిచేటప్పుడు గంటకు సుమారు అర లీటరు అని లెక్క వేస్తారు. మేం ఎక్కి, చూసి, దిగడానికి నాలుగు గంటలు పెట్టుకున్నాం. మూడు లీటర్లదైతే ఇంకా మంచిది కదా అని ఒక నాన్నగారు అడిగారు. లీటరు నీళ్ళంటే కిలో బరువు. 2020 నాటి స్కూల్ బ్యాగ్ పాలసీ ప్రకారం పిల్లల బ్యాగు వాళ్ళ ఒంటి బరువులో పదో వంతు దాటకూడదు. నలభై కిలోల పిల్లకు నాలుగు కిలోలు. మూడు లీటర్ల నీళ్ళు, బ్యాగు, టిఫిన్ డబ్బా, స్వెట్టర్ కలిస్తే ఆ లెక్క దాటిపోతుంది. పైగా బరువు వీపు మీద వెనక్కి లాగుతుంటే దిగేటప్పుడు కాలు జారడం తేలిక.

బ్యాగు బయట ఎన్ని జేబులున్నాయో చూసి కొనకండి, లోపలి సంచి చూడండి. దాని నోరు మీ పిల్ల చెయ్యి లోపలికి పట్టేంత వెడల్పుగా ఉండాలి. చెయ్యి పట్టకపోతే కడగలేరు, కడగలేనిది రెండు వాడకాల తర్వాత మూలన పడుతుంది. పైపు సంచి నుంచి ఊడి వచ్చేలా ఉంటే మేలు. పైపు చివర కొరికితే తెరుచుకునే రబ్బరు మూతి ఉంటుంది కదా, దానికి ఒక తాళం లాంటి మీట, పైన ఒక టోపీ ఉన్నది తీసుకోండి. ఎందుకంటే బస్సు ఎక్కగానే బ్యాగు కాళ్ళ దగ్గర పడేస్తారు. బస్సు నేల మీద దొర్లిన ఆ మూతినే మళ్ళీ నోట్లో పెట్టుకుంటారు. సంచి తెరవగానే ఘాటుగా ప్లాస్టిక్ వాసన కొడితే, కడిగినా పోకపోతే, ధర ఎంత తక్కువైనా వెనక్కి ఇచ్చేయండి. ఆహార పదార్థాలకు పనికొచ్చే ప్లాస్టిక్ అని, బీపీఏ (కొన్ని ప్లాస్టిక్‌ల తయారీలో వాడే రసాయనం) లేదని దాని మీద రాసి ఉండాలి. అన్నదమ్ములు, స్నేహితులు ఒకే పైపుతో తాగడం వద్దు. పేరు మార్కర్‌తో సంచి మీదే రాయించండి, బ్యాగు మీద కాదు.

నింపడం చూడ్డానికి తేలిక, చేస్తే తెలుస్తుంది. సగం నిండగానే సంచి చేతిలో మెలికలు తిరిగి నీళ్ళన్నీ ఒంటి మీద పోసుకుంటారు. సింకులో సంచిని కాస్త వాలుగా పెట్టి, అడుగు భాగం సింకు మీద ఆననిచ్చి, మూత దగ్గరి గట్టి పట్టును ఒక చేత్తో పట్టుకోవాలి. కుళాయి సన్నగా వదలాలి. అంచు వరకు నింపకుండా రెండు వేళ్ళు తక్కువగా ఆపాలి. తిప్పే మూతైతే మర సరిగ్గా కూర్చుందో లేదో చూసి బిగించాలి. అడ్డంగా ఎక్కిన మర బిగిసినట్టే ఉంటుంది, బ్యాగులో పెట్టాక కారుతుంది. తర్వాత సంచిని తలకిందులు చేసి, లోపలి గాలంతా పైపు దగ్గరికి చేరాక, పైపును పీల్చి ఆ గాలి తీసేయాలి. గాలి ఉంటే అడుగడుగుకీ వీపు వెనక గలగలమంటుంది. ఆ చప్పుడు ఒక్కరిదైతే సరదా, బస్సు నిండా పిల్లలదైతే నాకూ మీ టీచర్లకూ తలనొప్పి.

ఇంకొకటి. నీళ్ళ సంచి ముందు పెట్టి, టిఫిన్, స్వెట్టర్ తర్వాత సర్దాలి. నిండిన బ్యాగులో నిండిన సంచి దూర్చలేరు. ముందు రోజు రాత్రి పిల్లల చేతే నింపించి, పాత పేపరు మీద పడుకోబెట్టి, పైన ఒక లావుపాటి పుస్తకం పెట్టండి. పొద్దున పేపరు తడిగా ఉంటే ఆ సంచి కొండకు రాదు. పైపు ఎండలో వేలాడితే అందులో ఉన్న నీళ్ళు కాగిపోతాయి, మొదటి గుక్క వేడిగా వస్తుంది. భయపడక్కర్లేదు, పైపును చంక కింద నుంచి తెచ్చుకుంటే చాలావరకు తగ్గుతుంది. చల్లగా ఉండాలంటే నాలుగు ఐసు ముక్కలు వేయండి. సంచి మొత్తాన్ని గడ్డకట్టించి పంపితే పైపులోకి చుక్క రాదు.

సంచిలో మంచినీళ్ళు తప్ప ఇంకేదీ పోయొద్దు. గ్లూకోజు, రస్నా, నిమ్మరసం పంచదార, ఏదైనా సరే. తీపి అంటిన పైపులో రెండు రోజుల్లో నల్ల చుక్కలు వస్తాయి, బూజు పడితే ఆ పైపును బాగు చెయ్యడం కష్టం. ఓఆర్‌ఎస్ ఇవ్వాలనుకునే వాళ్ళు ప్యాకెట్టు విడిగా పంపండి, వేరే బాటిల్లో మేం కలిపిస్తాం. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం లీటరు నీళ్ళకు మొత్తం 20.5 గ్రాముల పొడి, అందులో గ్లూకోజు 13.5 గ్రాములు, ఉప్పు 2.6 గ్రాములు. లీటరు ప్యాకెట్టును గ్లాసు నీళ్ళలో కలిపి తాగిస్తే మేలు కన్నా కీడే ఎక్కువ. షాపుల్లో టెట్రా ప్యాకులలో వచ్చే తియ్యటి డ్రింకులను ఓఆర్‌ఎస్ అనుకుని కొనే రోజులు మొన్నటిదాకా ఉన్నాయి. మన హైదరాబాద్ పిల్లల డాక్టరు శివరంజని సంతోష్ ఏళ్ళ తరబడి దాని మీద పోరాడారు. 2025 అక్టోబరులో దేశ ఆహార భద్రతా సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ, ఆ ఫార్ములా లేని డ్రింకుల మీద ఓఆర్‌ఎస్ అనే పేరు వాడకూడదని ఆదేశించింది. ఇంట్లో పాత స్టాకు ఏమైనా ఉంటే లేబుల్ ఒకసారి చదవండి.

ఆడపిల్లల తల్లులతో విడిగా ఒక మాట. బయటికి వెళ్ళే రోజు మన అమ్మాయిలు పొద్దుటి నుంచే నీళ్ళు తాగరు. టాయిలెట్ దొరకదేమోనని భయం. ఎంత మంచి బ్యాగు కొనిచ్చినా అది నిండుగానే ఇంటికి తిరిగి వస్తుంది. ఆ భయం అక్కర్లేదని మీరు చెప్పండి. కొండ ఎక్కే ముందు, దిగిన వెంటనే టాయిలెట్‌కు వెళ్ళే ఏర్పాటు చూసుకున్నాం, వెంట లేడీ టీచర్లు ఉంటారు. పీరియడ్స్ ఉన్న అమ్మాయి రావాలనుకుంటే నిరభ్యంతరంగా రావచ్చు. మూత్రం లేత పసుపు రంగులో ఉంటే నీళ్ళు సరిపోతున్నట్టు, ముదురుగా వస్తుంటే ఇంకా తాగాలి. అబ్బాయిలకూ ఇది చెప్పండి. అలాగని పందెం వేసుకుని ఒకేసారి లీటర్లకు లీటర్లు తాగేయడం కూడా ప్రమాదమే, ఒంట్లో సోడియం పడిపోవచ్చు. దాహమైనప్పుడల్లా కొంచెం కొంచెం.

నీళ్ళు మళ్ళీ నింపుకోవడం కొండ కింద మాత్రమే. వ్యానులో ఇరవై లీటర్ల క్యాన్లు వస్తాయి. కోట పైన వాన నీళ్ళు నిలిచే పాత గుంటలున్నాయి, అవి చూడ్డానికే. మీరు సెలవుల్లో తలకోన, నల్లమల వైపు తీసుకెళ్ళినప్పుడు సెలయేటి నీళ్ళు ఎంత తేటగా ఉన్నా నేరుగా సంచిలో పట్టనివ్వకండి. గుడ్డలో వడగట్టి, బాగా మరిగించి చల్లార్చాలి. క్లోరిన్ మాత్ర అయితే ప్యాకెట్టు మీద రాసినంత నీళ్ళకు వేసి అరగంట ఆగాలి. మరిగే నీళ్ళు సంచిలో పోస్తే అతుకులు విడిపోవచ్చు.

తిరిగొచ్చిన రాత్రి అలసిపోయి సంచిని అలాగే వదిలేస్తారు. మర్నాడైనా కడిగించండి. లీటరు గోరువెచ్చని నీళ్ళలో ఒక చెంచా వంట సోడా కలిపి సంచిలో పోసి, కొంత పైపులోకి కూడా పీల్చి వదిలి, అరగంట ఉంచి, మంచినీళ్ళతో రెండు మూడు సార్లు కడిగితే చాలు. పైపు లోపల తుడవడానికి సన్నటి బ్రష్ లేకపోతే, గట్టి దారానికి చిన్న గుడ్డ ముక్క కట్టి ఒక చివర నుంచి ఇంకో చివరకు లాగొచ్చు. అసలు పని ఆరబెట్టడం. సంచి రెండు వైపులూ అతుక్కుని లోపల తడి అలాగే ఉండిపోతుంది. ఒక గరిటె నిలువుగా పెట్టి హ్యాంగరుకు తగిలిస్తే గాలి ఆడుతుంది. ఒకసారి పూర్తిగా ఆరాక డీప్ ఫ్రీజర్లో పెట్టేస్తే మళ్ళీ వాడేవరకు బూజు భయం ఉండదు.

భువనగిరి రాక్ క్లైంబింగ్ స్కూల్లో శిక్షణ మొదలుపెట్టిన మాలావత్ పూర్ణ, ఆనంద్ కుమార్ 2014 మే 25న ఎవరెస్ట్ ఎక్కారు. అప్పటికి పూర్ణకు పద్నాలుగేళ్ళు కూడా నిండలేదు, అంటే మన పిల్లల ఈడే. ఆ బండలను పిల్లలకు దగ్గరగా చూపిస్తాం. తాళ్ళు కట్టుకుని ఎక్కడం మాత్రం ఈసారి లేదు, ఆ విషయం ఇప్పుడే చెప్పేస్తే అక్కడ అలకలు ఉండవు.

ట్రెక్కింగ్ వచ్చే నెల రెండో శనివారం. బస్సు పొద్దున 5.30కి స్కూలు గేటు దగ్గర బయలుదేరుతుంది. పది దాటితే చలికాలంలో కూడా బండ వేడెక్కుతుంది, అందుకే ఆలస్యంగా వచ్చేవాళ్ళ కోసం ఆగలేం. ముందు రోజు శుక్రవారం ఆఖరి పీరియడ్‌లో పిల్లలు ఖాళీ సంచులు, బాటిళ్ళు తేవాలి. గ్రౌండ్ కుళాయి దగ్గర వాళ్ళే నింపి, తగిలించుకుని రెండు రౌండ్లు నడుస్తారు. ఎవరిది కారిందో అక్కడే తేలుతుంది, వాళ్ళు శనివారం బాటిళ్ళతో వస్తారు. బాటిళ్ళు లేని వాళ్ళకు ఆఫీసు నుంచి ఇస్తాం, సోమవారం కడిగి తిరిగి ఇవ్వాలి. శుక్రవారం యూనిఫాం తడిసి ఇంటికి వస్తే కంగారు పడకండి.

ఇట్లు,
మీ ప్రధానోపాధ్యాయురాలు