ఊడిన యాక్సిల్ జాయింటు కుదిరింది, అందరికీ కృతజ్ఞతలు

మా కారు ఎడమ ముందు చక్రం మళ్లీ చప్పుడు లేకుండా తిరుగుతోంది. దానికి కారణమైన వాళ్లకి నలుగురి ముందూ చెప్పుకోకపోతే నాకు మనసొప్పదు. ముఖ్యంగా మెకానిక్ బాబాయ్ గారికి.

విషయం తెలియని వాళ్ల కోసం చెబుతాను. ఇంటి దగ్గరే ముందు స్ట్రట్‌లు (కుదుపుల్ని ఓర్చే స్ప్రింగు, షాక్ అబ్సార్బర్ జతలు) మారుస్తున్నాం. హబ్‌ని, అంటే చక్రం బిగించే భాగాన్ని, కింది ఆర్మ్‌కి కలిపే బాల్ జాయింటు విడదీసి పాత స్ట్రట్ దింపేసరికి ఆ హబ్ బయటికి వాలింది. దాంతోపాటే గేర్ బాక్స్ నుంచి చక్రాన్ని తిప్పే యాక్సిల్ షాఫ్ట్ బయటికి లాగినట్టయి, గేర్ బాక్స్ వైపు జాయింటు దాన్ని కప్పి ఉంచే రబ్బరు తొడుగు (బూట్) లోపలే ఊడింది. పైకి చూస్తే ఏమీ తెలియదు. బూట్ ముడతలు సాగి ఉన్నాయి, షాఫ్ట్ పట్టుకుంటే వేలాడుతోంది, అంతే.

చాలా ఫ్రంట్ వీల్ డ్రైవ్ బళ్లలో ఆ లోపలి జాయింటంటే ఒక కప్పు, కప్పులో మూడు గాడులు, వాటిలో జారే మూడు రోలర్లు. చక్రం పైకీ కిందికీ ఊగినప్పుడు షాఫ్ట్ పొడవులో వచ్చే తేడాని సర్దేది అదే, కాబట్టి అది లోపలికీ బయటికీ జరగాలి. అన్నీ బిగించి ఉన్నంతసేపూ హద్దు దాటదు. హబ్ వదులైతే మాత్రం కొన్ని బళ్లలో దాన్ని ఆపేది ఆ రబ్బరు ఒక్కటే.

షాఫ్ట్‌ని గట్టిగా లోపలికి నెట్టేస్తే సరిపోతుందని చుట్టూ చేరిన వాళ్లు అన్నారు. బాబాయ్ గారు ఫోన్‌లోనే ఆపేశారు. "చెయ్యి తియ్యి నాన్నా, లోపల రోలరు అడ్డం తిరిగి ఉంటే కప్పు అంచు దెబ్బతింటుంది. నేను వస్తున్నా" అన్నారు. వచ్చీ రాగానే బండి కింద స్టాండ్లు చూసి, చేత్తో ఊపి చూసి, అప్పుడు కూర్చున్నారు.

బూట్‌ని బిగించే పెద్ద క్లిప్ కోసి దాన్ని వెనక్కి జరిపితే తెలిసింది, ఆయన ఎందుకు ఆపారో. ఒక రోలరు దాని పిన్ను మీంచి జారిపోయి ఉంది. దాని లోపలి సూది బేరింగులు (సూదుల్లాంటి సన్నని కడ్డీలు) గ్రీజులో అక్కడక్కడా అంటుకుని ఉన్నాయి. అలాగే నెట్టి ఉంటే అవన్నీ కప్పులో నలిగేవి. ఆయన తెల్ల గుడ్డ పరిచి ఒక్కొక్కటీ ఏరి వరసగా పేర్చారు. గుడ్డా, బూట్ లోపలా, గ్రీజు తుడిచిన పేపర్లూ అన్నీ వెతికించారు. తర్వాత పిన్నుకి కొత్త గ్రీజు రాసి, సూదుల్ని చుట్టూ నిలబెట్టి, పైన రోలరు ఎక్కించారు. ఒక్క సూది తగ్గినా అక్కడ సందు కనిపిస్తుంది. సందు రాలేదు. కప్పు గాడుల్ని తుడిచాక గోటితో గీసి చూడమని నా చేతే చేయించారు. గోరు తట్టుకుంటే అరిగి గుంట పడిందని అర్థమట. మావి నున్నగా ఉన్నాయి, జాయింటు మార్చక్కర్లేదన్నారు. ఆ మాట విన్నాక ఎంత తేలికపడ్డానో చెప్పలేను.

గ్రీజు విషయంలో ఆయన చాలా గట్టిగా చెప్పారు. పాతది పూర్తిగా తీసేయాలి, కొత్తది ఆ జాయింటుకి కంపెనీ చెప్పిన రకమే వాడాలి. బయటి జాయింటుకి, అంటే చక్రం వైపు దానికి, వేసేది లోపలి దానికి నప్పకపోవచ్చు. కప్పుని గేర్ బాక్స్‌లోంచి లాగకుండానే పని కానిచ్చారు కాబట్టి గేర్ ఆయిల్ కారలేదు. బూట్ చిరగలేదు, కొత్త క్లిప్ ఒక్కటే పడింది. బిగించే ముందు షాఫ్ట్‌ని సరైన పొడవులో ఉంచి, బూట్ అంచుని మొద్దు స్క్రూడ్రైవర్‌తో కాస్త ఎత్తి గాలి సమం చేశారు. గాలి బిగబట్టి ఉంటే బూట్ ఉబ్బడమో ముడుచుకోవడమో జరిగి త్వరగా చిరుగుతుందట.

తమ్ముడూ, అంతసేపు వంగి హబ్‌ని రెండు చేతులా మోసి పట్టుకున్నావు, నీ నడుము నొప్పి తగ్గిందని నమ్ముతున్నాను. వదినా, టార్చి పట్టుకున్నది మీరే, గుడ్డ మడతలో దాక్కున్న ఆఖరి సూదిని చూసిందీ మీరే. మీ కళ్లకి దండం. బోల్టుని ఎంత బలంతో బిగిస్తున్నామో చూపే టార్క్ రెంచ్ ఇచ్చిన పక్కింటి అన్నయ్యకి కూడా. బాల్ జాయింటు బోల్టు, స్ట్రట్ బోల్టులు లెక్క ప్రకారం బిగించగలిగాం.

బండి దించాక నెమ్మదిగా నడిపి చూశాం. స్టీరింగ్ పూర్తిగా తిప్పి కదిలిస్తే టకటక రాలేదు, అంటే బయటి జాయింటు బాగుంది. తిన్నగా వెళ్తూ యాక్సిలరేటర్ తొక్కితే వణుకు లేదు, అంటే లోపలిదీ కుదిరింది. ఇక వీల్ అలైన్‌మెంట్ చేయించాలి, అది రెండు వైపులా స్ట్రట్‌లు మారాకే.

బాబాయ్ గారూ, మీరు ఒక్క రూపాయి కూడా పుచ్చుకోలేదు. ప్రతి అడుగూ ఎందుకో చెప్పి, నా చేత చేయించి మరీ వెళ్లారు. కుడివైపు స్ట్రట్ వచ్చే ఆదివారం మొదలుపెడుతున్నాను. మీరు చెప్పినట్టే ముందుగా హబ్ బయటికి వాలకుండా తీగతో కట్టేసి, ఆ తర్వాతే బాల్ జాయింటు ముట్టుకుంటాను. వీలైతే ఒకసారి వచ్చి చూడండి.