మా ఎర్రమట్టిని పొలంలోనే నిలబెట్టిన వారికి కృతజ్ఞతలు

అందరికీ నమస్కారం.

మా పొలంలో 2022లో మొదలైన మట్టికోత నివారణ పని 2025 వసంతంలో పూర్తయింది. మా కౌంటీ సాయిల్ అండ్ వాటర్ కన్సర్వేషన్ డిస్ట్రిక్ట్ వారు వచ్చి, చివరి తనిఖీ చేసి, కాగితాల మీద సంతకం పెట్టి వెళ్ళారు. వారికి ఇంగ్లీషులో ఒక ఉత్తరం ఇచ్చాము గానీ అది రెండు పేరాలకు మించలేదు. చెప్పవలసింది అందులో సగం కూడా పట్టలేదు. తెలుగులో ఇలా విడిగా రాయడానికి మరో కారణం కూడా ఉంది. నార్త్ కరొలైనాలో పట్నాలకు దూరంగా ఐదో పదో ఎకరాలు కొని, గోంగూరో బెండో వేసుకుందామనుకుంటున్న మనవాళ్ళు ఏటేటా పెరుగుతున్నారు. ఇటువంటి కార్యాలయం ఒకటి ఉందన్న సంగతి పొలం కొన్న రోజున నాకు తెలియలేదు, వారిలో చాలామందికీ తెలియదని మాటల్లో అర్థమైంది.

ఇక్కడ డిస్ట్రిక్ట్ అంటే మన జిల్లా కాదు. కౌంటీ పరిధిలో మట్టినీ నీటినీ కాపాడే పని కోసం ఏర్పడిన ఒక చిన్న స్థానిక సంస్థ అది. ఈ రాష్ట్రంలో 100 కౌంటీలు ఉంటే ఇటువంటి డిస్ట్రిక్టులు 96 ఉన్నాయి, ఎందుకంటే ఈశాన్య మూలన ఉన్న ఐదు కౌంటీలు కలిసి ఒకే డిస్ట్రిక్టుగా నడుస్తున్నాయి. సాధారణంగా ఒక్కొక్కదానికి ఐదుగురు సూపర్‌వైజర్లు ఉంటారు, వారిలో ముగ్గురిని ఓటర్లు ఎన్నుకుంటారు, ఇద్దరిని రాష్ట్ర కమిషన్ నియమిస్తుంది. ఆ ఎన్నికలో పార్టీ గుర్తులు ఉండవు. 2020 నవంబరులో బ్యాలెట్ చివరన ఆ పేర్లు చూసి, ఇదేదో మట్టి సంగతి, మనకెందుకులే అనుకుని ఆ భాగాన్ని ఖాళీగా వదిలేసి వచ్చిన మనిషిని నేనే. ఆ పేర్లలో ఒకాయన తరువాత నా పొలానికి నాలుగుసార్లు తన సొంత డీజిలు ఖర్చుతో వచ్చారు.

మా పొలం షార్లెట్‌కు ఉత్తరంగా గంట ప్రయాణం దూరంలో, యాడ్కిన్ నదిలో కలిసే ఒక చిన్న వాగు ఒడ్డున ఉంది. పద్నాలుగు ఎకరాలు, దాదాపు అంతా వాలే. ఈ పీడ్‌మాంట్ ప్రాంతపు నేల పైన కొన్ని అంగుళాల మేరకు ఇసుక కలిసిన గుల్లమట్టి, దాని అడుగున ముద్దకట్టే ఎర్రబంక. అనంతపురం జిల్లాలో వేరుశనగ చేలలో పెరిగిన నాకు మొదటిసారి ఆ ఎరుపు చూడగానే పుట్టింటికి వచ్చినట్టనిపించింది. కొనేటప్పుడు వేరే ఏమీ అడగకపోవడానికి అదే కారణమేమోనని ఇప్పుడు అనుమానం. అంతకుముందు ఆ నేల గడ్డిబీడుగా ఉండేది. మేము కూరగాయల కోసం పై వాలులో గడ్డి తీయించి, నేల చదును చేయించి, చాళ్ళు ఎగువ నుంచి దిగువకు తిన్నగా వేయించాము. పని చేసిన కాంట్రాక్టరు వద్దని చెప్పి ఉండవలసిందని చాలాకాలం ఆయన మీద వేసి మాట్లాడాను గానీ, దారి నుంచి చూస్తే వరుసలు అందంగా కనబడాలని అడిగింది నేనే.

2022 జూలైలో ఒక సాయంత్రం కురిసిన వానతో ఆ చాళ్ళన్నీ కాలువలయ్యాయి. నీరంతా పొలం మధ్యలో ఉన్న పల్లంలోకి చేరి, మోకాలి లోతున నేలను కోసుకుంటూ వాగులోకి దిగింది. తెల్లవారి చూస్తే బెండ మొక్కలు వేళ్ళు బయటపెట్టుకుని పడి ఉన్నాయి, వాగు నీరు మిరపపొడి కలిపినట్టుగా పారుతోంది. ఆ వేసవికి మా ఇంటికి వచ్చి ఉన్న మా నాన్న కోత అంచున నిలబడి, "ఏమ్మా, వాలుకు అడ్డంగా కదా సాలు తోలాల్సింది, నువ్వు చూడని పనా ఇది?" అన్నారు. ఆ మాటకు నా దగ్గర జవాబు లేదు.

డిస్ట్రిక్ట్ సంగతి చెప్పింది మా పక్క పొలం రైతు. ఫోన్ చేయడానికి వారం రోజులు జంకాను. వాగులోకి బురద వదిలినందుకు జరిమానా వేస్తారేమోనన్నది నా భయం. అటువంటిదేమీ లేదని, వారికి జరిమానాలు వేసే అధికారం లేదనీ, రైతు తానుగా పిలిస్తేనే వస్తారనీ ఫోన్ ఎత్తిన ఆవిడ చాలా ఓపికగా వివరించారు. ఆవిడకు నా మొదటి కృతజ్ఞత. తరువాత రెండున్నరేళ్ళలో నేను పోగొట్టుకున్న ఫారాలనూ, తప్పుగా నింపిన గడులనూ, ఆలస్యంగా తెచ్చిన రసీదులనూ ఒక్కసారి కూడా విసుక్కోకుండా సరిచేసింది ఆవిడే.

పది రోజుల తరువాత డిస్ట్రిక్ట్ టెక్నీషియన్ వచ్చారు. ఆమెకు ముప్పై ఏళ్ళు ఉంటాయేమో. మొదటి గంటసేపు ఏ సలహా ఇవ్వకుండా పొలమంతా నడిచి, పక్క పొలాల నుంచి ఎంత నీరు మా మీదికి వస్తోందో చూసుకున్నారు. పలుగుతో చిన్న గుంట తీసి, పైమట్టి ఎంత మిగిలిందో నా వేలితోనే కొలిపించారు. పై వాలులో నా వేలు సగం కూడా మునగలేదు, దిగువ గడ్డిలో అరచేయి మొత్తం దిగింది. ఇన్నేళ్ళ ఉద్యోగంలో ఎన్నో గ్రాఫులు చూశాను, వాటిలో ఏదీ ఇంత బాగా అర్థం కాలేదు. మట్టి నమూనాలకు డబ్బాలు ఇచ్చి, రాలీలోని రాష్ట్ర ప్రయోగశాలకు పంపే పద్ధతి నేర్పారు. ఏప్రిల్ నుంచి నవంబరు దాకా ఆ పరీక్ష ఉచితం. ఫలితం వచ్చాక నేలకు ఎరువు కన్నా ముందు సున్నం కావాలని తేలింది, అంతవరకు మేము చల్లిన ఎరువుల ఖర్చు గురించి ఇక్కడ రాయను.

కోతను ఏం చేయాలన్న దగ్గర మా నాన్నకూ ఆమెకూ మధ్య వాదన జరిగింది, ఇద్దరి మాటలూ అటూ ఇటూ చేరవేసే పని నాది. నాన్న లెక్క ప్రకారం పల్లానికి అడ్డంగా మూడు చోట్ల రాతికట్టలు వేయాలి. మా ఊళ్ళో వంకలకు అలాగే వేసేవారు, ఆయన యువకుడిగా ఉన్నప్పుడు స్వయంగా రాళ్ళు మోశారు. ఆమె కాదనలేదు, కానీ లేజర్ లెవెల్ పెట్టి వాలు కొలిచి, పల్లంలోకి చేరే నీటి పరిమాణం లెక్కగట్టి, ఈ బంకమట్టిలో కట్ట వేస్తే నీరు దాని పక్క నుంచి కొత్త దారి కోసుకుంటుందని చెప్పారు. పదేళ్ళకొకసారి వచ్చేంత పెద్ద వానను తట్టుకునేలా వెడల్పుగా, పళ్ళెంలా లోతు తక్కువగా ఒక కాలువ తీసి, అందులో దట్టంగా గడ్డి పెంచి, నీటిని పరుగెత్తకుండా నడిపించాలన్నది ఆమె ప్రణాళిక. దీన్ని ఇక్కడ గ్రాస్డ్ వాటర్‌వే అంటారు. కూరగాయల చాళ్ళను వాలుకు అడ్డంగా మార్చాలనీ, వాగు ఒడ్డున కంచె వేసి మేకలను నీళ్ళలోకి దిగనివ్వకుండా వాటికి వేరుగా తొట్టి కట్టాలనీ కూడా రాశారు. చాళ్ళ విషయంలో నాన్న గెలిచారు, రాతికట్టల విషయంలో ఓడిపోయారు. కాలువ దిగువ చివర, నీరు వాగులోకి దిగే చోట మాత్రం ఆమె రాళ్ళు పరిపించారు. అది తన మాట విన్నందుకేనని నాన్న ఇప్పటికీ అంటారు.

ఖర్చు సంగతి దాచకుండా చెబుతాను, ఎందుకంటే నన్ను ఎక్కువమంది అడిగేది అదే. రాష్ట్రానికి వ్యవసాయ కాస్ట్ షేర్ పథకం ఉంది. ఆమోదించిన పనికి నిర్ణయించిన సగటు ఖర్చులో మామూలుగా 75 శాతం దాకా డిస్ట్రిక్ట్ ద్వారా తిరిగి వస్తుంది. అయితే ఆ డబ్బు ముందుగా చేతికి రాదు. ఒప్పందానికి ఆమోదం రాకముందు పని మొదలుపెట్టకూడదు, మన డబ్బుతో పూర్తిచేసి, టెక్నీషియన్ కొలిచి సరేనన్నాకే చెక్కు వస్తుంది, ఆ తరువాత పదేళ్ళపాటు దాన్ని పాడుకానివ్వకుండా చూసుకునే బాధ్యత మనదే. ఏటా వచ్చే నిధి తక్కువ, అడిగేవారు ఎక్కువ కాబట్టి, దరఖాస్తులను అవసరాన్ని బట్టి వరుస కడతారు. మాది మొదటి విడతలో రాలేదు. ఆ శీతాకాలమంతా కోత ఇంకా పెరుగుతుంటే నాకు కోపం వచ్చిన మాట నిజం. బోర్డు సమావేశాలకు ఎవరైనా వెళ్ళవచ్చునని తెలిసి, ఫిర్యాదు చేద్దామనే ఒకసారి వెళ్ళి కూర్చున్నాను. జీతం లేని ఐదుగురు రైతులు సాయంత్రం పనులు ముగించుకుని వచ్చి, ఎవరి వాగు గట్టు ఎక్కువ విరుగుతోంది, ఎవరి పశువులు తాగునీటి బావికి దగ్గరగా ఉన్నాయి అని ఫోటోలు చూస్తూ రెండు గంటలు తర్కించారు. నా కన్నా ముందున్న దరఖాస్తుల ఫోటోలు చూశాక ఫిర్యాదు చేయాలనిపించలేదు.

ఆ గది గోడ మీద హ్యూ హామండ్ బెనెట్ ఫోటో ఉంది. ఆయన 1881లో ఈ రాష్ట్రంలోనే ఆన్సన్ కౌంటీలో పత్తి పండించే కుటుంబంలో పుట్టారు. నేలలను సర్వే చేసే ఉద్యోగంలో దక్షిణాది రాష్ట్రాలన్నీ తిరిగి, వాన నీటితోపాటు పలుచగా, కంటికి కనబడకుండా జారిపోయే పైమట్టే అసలు నష్టమని దశాబ్దాలపాటు చెబుతూ వచ్చారు. 1930లలో మైదాన రాష్ట్రాల దుమ్ము తూర్పు నగరాల ఆకాశాన్ని కమ్మేదాకా ఆ మాట ఎక్కువమంది చెవికెక్కలేదు. 1935 ఏప్రిల్‌లో సాయిల్ కన్సర్వేషన్ చట్టం వచ్చింది, దాని కింద ఏర్పడిన సాయిల్ కన్సర్వేషన్ సర్వీస్ అనే సంస్థకు బెనెట్ అధిపతి అయ్యారు. వాషింగ్టన్ నుంచి ఉత్తర్వులు పంపితే రైతు వినడని, ఊరివాళ్ళే నడుపుకునే సంస్థలు కావాలని 1937 ఫిబ్రవరిలో అధ్యక్షుడు రూజ్‌వెల్ట్ అన్ని రాష్ట్రాల గవర్నర్లకు ఒక నమూనా చట్టం పంపారు. ఆ ఏడాది ఆగస్టు 4న దేశంలో మొట్టమొదటి డిస్ట్రిక్ట్, బ్రౌన్ క్రీక్ పేరుతో, బెనెట్ పుట్టిన కౌంటీలోనే ఏర్పడింది. ఇప్పుడు దేశమంతటా దాదాపు 3,000 ఉన్నాయి. ఇదంతా నాకు చెప్పింది, సమావేశం అయ్యాక కుర్చీలు సర్దుతున్న ఆ సూపర్‌వైజరు గారు. ఆయన తాతగారు పత్తి వేసి పోగొట్టుకున్న నేలలో ఇప్పుడు పైన్ చెట్లు ఉన్నాయట.

మా దరఖాస్తుకు ఆమోదం వచ్చాక, 2023 సెప్టెంబరులో కాలువ తీయడానికి డోజర్ వచ్చింది. ఆ నెలాఖరులో ఫెస్క్యూ గడ్డి విత్తనం చల్లి, పైన గడ్డిపరకలు పరిచాము. విత్తిన రోజున షార్లెట్ నుంచి మూడు తెలుగు కుటుంబాలు పిల్లలతో సహా వచ్చి, పొద్దుగూకేదాకా గడ్డిమోపులు విప్పి పరిచాయి. వారికి మేము పెట్టింది పులిహోర ఒక్కటే. కూరగాయల మడులలో చలికాలపు పచ్చిరొట్టగా రై, క్రిమ్సన్ క్లోవర్ వేయడానికి డిస్ట్రిక్ట్ వారి దగ్గర నో-టిల్ డ్రిల్ అద్దెకు దొరికింది. అది దుక్కి లేకుండా నేలలోకి గింజ దించే గొర్రు. దాన్ని లాగే శక్తి మా చిన్న ట్రాక్టరుకు లేదు. పక్క పొలం రైతు తన ట్రాక్టరు తెచ్చి, పూట పని చేసి, డబ్బు తీసుకోకుండా వెళ్ళిపోయారు. ఏప్రిల్‌లో ఆ క్లోవర్ ఎర్రగా పూసినప్పుడు ఆయన భార్యకు నచ్చిందని ఒక గంపెడు పూలు పంపాము.

2024 సెప్టెంబరు చివర హెలీన్ తుపాను వచ్చింది. పడమటి కొండల్లో అది చేసిన నష్టం అందరికీ తెలిసిందే, మా వైపు అంచు మాత్రమే తాకింది. ఆ అంచు వానకే మా కాలువ గట్టుల దాకా నిండింది. తెల్లారి గొడుగు పట్టుకుని వెళ్ళి చూస్తే గడ్డి అంతా దిగువకు దువ్వినట్టు పడుకుని ఉంది, దాని కింద మట్టి కదలలేదు. అనంతపురంలో ఉన్న నాన్న వీడియో కాల్‌లో కాలువ మొత్తం నడిపించి చూపించమన్నారు, రాళ్ళు పరిచిన చోట రెండుసార్లు ఆగమన్నారు. "గడ్డి నిలబడిందే" అని ఒప్పుకున్నారు, వెంటనే, "ఆ అమ్మాయిని అడిగానని చెప్పు" అన్నారు. చెప్పాను. ఆ వారం ఆమె సొంతింట్లో కరెంటు లేదని నాకు తరువాత తెలిసింది. అయినా కాలువ ఎలా ఉందని మొదట ఫోన్ చేసింది ఆమెనే.

డిస్ట్రిక్ట్ వారు చేసే పని మా పొలంతో అయిపోదు. మా అబ్బాయి చదివే బడిలో పోస్టర్ పోటీ వాళ్ళదే; పెద్ద పిల్లలకు నేలలు, నీటి జీవావరణం, అడవులు, వన్యప్రాణుల మీద ఎన్విరోథాన్ పోటీకి శిక్షణ ఇచ్చేదీ వాళ్ళే. మావాడు వేసిన పోస్టరులో వానపాము మేక కన్నా పెద్దదిగా ఉంది. బహుమతి రాలేదు గానీ, ఆ పోస్టరు ఆఫీసు తలుపు మీద ఏడాదిపాటు అలాగే అంటించి ఉంచినందుకు వాడి తరఫున కూడా కృతజ్ఞతలు.

ఫోన్ ఎత్తిన ఆవిడకు, టెక్నీషియన్ అమ్మాయికి, ఐదుగురు సూపర్‌వైజర్లకు, పక్క పొలం దంపతులకు, గడ్డి పరచిన మూడు కుటుంబాలకు, రాళ్ళ దగ్గర పట్టు వదలని మా నాన్నకు మా ఇంటిల్లిపాది నమస్కారాలు. బహుమతి ఏదీ తీసుకోవడానికి నిబంధనలు ఒప్పుకోవంటూ డిస్ట్రిక్ట్ వారు మా గోంగూర పచ్చడి సీసాలను వెనక్కి పంపారు. బదులుగా ఒక కోరిక కోరారు. వచ్చే వసంతంలో ఐదో తరగతి పిల్లలను రెండు బస్సుల్లో తెచ్చి మా కాలువనూ, వాగు ఒడ్డు కంచెనూ చూపిస్తారట. సరేనన్నాము. ఆ రోజు మేకలను కట్టేసే పని మాది.